వెనక మెట్లకు తాళం వేసి ‘మా తప్పేం లేదు’ అంటే చెల్లదు

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మోకాలి ఆపరేషన్ కోసం అమ్మను దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. ఒక రాత్రి మూడో అంతస్తు వార్డులో ఏసీ అంటుకుని పొగ కమ్మేసింది. వెనక మెట్ల తలుపుకు తాళం ఉంది. సిబ్బంది ఎవరూ రాలేదు. నేనూ తమ్ముడూ అమ్మను దుప్పటిలో మోసుకుని ముందు మెట్ల మీదుగా కిందికి దించాం. పొగ పీల్చడం వల్ల వేరే ఆసుపత్రి ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. అడిగితే ‘షార్ట్ సర్క్యూట్ మా చేతుల్లో ఉంటుందా, మీరు ఫారం మీద సంతకం పెట్టారుగా, మాకు ఫైర్ ఎన్‌ఓసీ (అగ్ని భద్రత అనుమతి పత్రం) కూడా ఉంది’ అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: తప్పకుండా వేయొచ్చు. వాళ్లు చెప్పిన మూడు మాటల్లో ఏదీ తాళం సంగతికి జవాబు కాదు.

నిప్పు ఎలా పుట్టిందన్న చర్చలోకి మిమ్మల్ని లాగాలని చూస్తారు, మీరు వెళ్లకండి. అడగాల్సింది ఒకటే, లేవలేని రోగి ఉన్న వార్డుకు బయటికి వెళ్లే దారి ఎందుకు మూసి ఉంది? 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది చనిపోయారు. మంట మొదలైంది విద్యుత్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్‌లో. అయినా సుప్రీంకోర్టు 2011లో పరిహారంలో 85 శాతం భారం థియేటర్ యజమానుల మీదే పెట్టింది, బోర్డుకు 15 శాతమే. బాల్కనీలో ఒక పక్క దారి మూసేసి అక్కడ సీట్లు వేయడంతో జనం బయటపడలేకపోయారు. సినిమా చూడటానికి వచ్చిన, నడవగలిగే మనుషుల విషయంలోనే కోర్టు అంత గట్టిగా ఉంటే, మోకాలికి కట్టుతో పడుకున్న మీ అమ్మగారి విషయంలో ఆసుపత్రి బాధ్యత ఇంకెంత ఉండాలి! 2011 డిసెంబర్‌లో కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రి బేస్‌మెంట్‌లో రేగిన మంట పై అంతస్తుల్లోని రోగులను ఎక్కువగా పొగతోనే చంపింది. ఆసుపత్రిలో పొగ ఎంత ప్రమాదమో తెలియదని ఈ రోజు ఏ యాజమాన్యమూ అనడానికి వీల్లేదు.

బయటికి దారితీసే తలుపు తాళంచెవి లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. ఎన్‌ఓసీ ఉన్నంత మాత్రాన ఆ రాత్రి వేసిన తాళం ఒప్పైపోదు. అసలు అది ఉందో లేదో కూడా వాళ్ల నోటి మాట నమ్మకండి. రాష్ట్ర అగ్నిమాపక శాఖ దగ్గర ఆర్‌టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఎన్‌ఓసీ కాపీ, ఎప్పటివరకు చెల్లుతుంది, చివరి తనిఖీ ఎప్పుడు, మంజూరైన ప్లాన్ అన్నీ అడగండి. పొరపాటున వేరే ఆఫీసుకు పంపినా ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాల్సిన పని వాళ్లదే.

ఇక సంతకం. మీరు ఒప్పుకున్నది ఆపరేషన్‌లో ఉండే రిస్కుకు, తాళం వేసిన మెట్లకు కాదు. చికిత్సకు డబ్బు కట్టిన రోగి వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది, కాబట్టి సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, ఆ ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. రెండో ఆసుపత్రి బిల్లు, అమ్మగారు పడ్డ బాధ, ఇకపై అయ్యే వైద్యం ఖర్చు అన్నీ కలిపి అడగండి.

కానీ గడువుందని ఆగకండి, ఎందుకంటే సీసీటీవీ రికార్డింగ్ కొద్ది రోజులకే చెరిగిపోతుంది. ఆ రాత్రి ఫుటేజీ చెరపకూడదని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు రేపే పంపండి. కేస్ షీటు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నిబంధన. రెండో ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలో ‘పొగ పీల్చడం వల్ల’ అని స్పష్టంగా రాయించుకోండి, నా దృష్టిలో మీ కేసుకు అన్నిటికంటే బలమైన కాగితం అదే. పక్క బెడ్ వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. ఫైరింజన్ వచ్చి ఉంటే ఆ స్టేషన్ నివేదిక కాపీకి దరఖాస్తు పెట్టండి.

పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద నేరం. స్టేషన్‌లో తీసుకోకపోతే డీసీపీకి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. వినియోగదారుల కేసు దీనికోసం ఆగాల్సిన పని లేదు, రెండూ వేర్వేరుగా నడుస్తాయి.

ఇప్పుడు ఆసుపత్రి వాళ్లు మెత్తబడి, బాకీ బిల్లు మాఫీ చేస్తాం, ‘మాకు ఏ అభ్యంతరం లేదు’ అని ఒక కాగితం రాసివ్వండి అనొచ్చు. అమ్మగారు పూర్తిగా కోలుకునే దాకా, ఊపిరితిత్తుల డాక్టర్ ఆమె పరిస్థితి రాసిచ్చే దాకా అలాంటి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.