రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అని ఉంది... భయపడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ములో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కూడా పూర్తయింది. రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్ 8/8, పీఆర్ పాజిటివ్ 6/8, హెర్2 నెగెటివ్ 1+' అని రాశారు. పాజిటివ్ అన్న మాట చూసినప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. క్యాన్సర్ ఇంకా ఉందనే అనుకుంటోంది. లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర ఐదేళ్లు వేసుకోమన్నారు. ఆమెకు నెలసరి ఆగి ఎనిమిదేళ్లయింది, మరి ఇంకా హార్మోన్ ఎక్కడిది? మాత్ర మొదలుపెట్టిన రెండు నెలలకే కీళ్లు పట్టేస్తున్నాయని ఆపేస్తానంటోంది. తెలిసినవాళ్లు చెప్పారని మీల్‌మేకర్, పాలు మానేశాం. అసలు ఈ రిసెప్టర్ అంటే ఏమిటి? నాకు 34 ఏళ్లు, నాకూ వస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి పక్కన కూర్చుని ఈ ఒక్క మాట చదివి వినిపించండి. ఈ పాజిటివ్‌కు క్యాన్సర్ ఇంకా ఉందని అర్థం కాదు, పాకిందని అంతకన్నా కాదు. కోవిడ్ రోజుల్లో పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టే కాబట్టి ఆ మాట వింటేనే గుండె జారిపోతుంది. ఇక్కడ దాని అర్థం వేరు. తీసేసిన గడ్డలోని కణాల్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ కనిపించింది అని మాత్రమే ఆ రిపోర్టు చెబుతోంది. ఈఆర్ అంటే అదే. అది కనిపించడం మనకు మేలు. ఆ కణాలను దెబ్బకొట్టడానికి ఒక చోటు దొరికిందన్నమాట. రొమ్ము క్యాన్సర్లలో నూటికి సుమారు 70 ఈ రకానివే. మన దేశంలో ఆ వాటా కొంత తక్కువ.

ఇక రిసెప్టర్ అంటే ఏమిటి? ఇది కాస్త వివరంగా చెబుతాను. ఇది అర్థమైన ఇంట్లో మాత్ర ఆగదని నా అనుభవం.

హార్మోన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కానీ దాని మాట అన్ని కణాలూ వినవు. దాన్ని పట్టుకునే ప్రొటీన్ ఏ కణంలో ఉంటే ఆ కణమే వింటుంది. ఆ ప్రొటీనే రిసెప్టర్. 1950ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త ఈస్ట్రోజెన్‌కు రేడియో ధార్మిక గుర్తు తగిలించి ఎలుకలకు ఇచ్చారు. కండరాల్లోకి వెళ్లిన హార్మోన్ కాసేపటికే రక్తంతో పాటు వెళ్లిపోయింది. గర్భసంచిలో మాత్రం గంటల తరబడి నిలిచిపోయింది, అదీ ఏ మార్పూ లేకుండా. అక్కడేదో దాన్ని పట్టి ఉంచుతోందని అలా తేలింది. అంతకు అరవై ఏళ్ల ముందే, 1896లో, గ్లాస్గోకు చెందిన జార్జ్ బీట్సన్ అనే సర్జన్ ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీకి అండాశయాలు తీసేస్తే గడ్డ కరిగిందని రాశారు. కానీ అదే ఆపరేషన్ చాలామందికి ఏమాత్రం పనిచేసేది కాదు. ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చేయదో ముందుగా చెప్పగలిగింది రిసెప్టర్ సంగతి తెలిశాకే. మీ అమ్మగారి రిపోర్టులోని ఆ ఒక్క లైను వెనక ఇంత కథ ఉంది.

రిసెప్టర్లన్నీ ఒకే చోట ఉండవు. ఇన్సులిన్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు నీటిలో కరిగేవి. కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర కాబట్టి అవి లోపలికి పోలేవు. అందుకే వాటి రిసెప్టర్లు కణం పైపొర మీదే, గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటాయి. హార్మోన్ బయటి నుంచి తగిలితే లోపలి వైపు కబురు కదులుతుంది. ఒక ప్రొటీన్ నుంచి ఇంకో ప్రొటీన్‌కు చేయి మార్చుకుంటూ సెకన్లలో, నిమిషాల్లో పని జరిగిపోతుంది. ఈస్ట్రోజెన్ అలా కాదు. అది కొలెస్ట్రాల్ నుంచి తయారవుతుంది, కొవ్వులో కరుగుతుంది. పొరను దాటుకుని నేరుగా కణం లోపలికి వెళ్తుంది. దాని రిసెప్టర్ కూడా ఎక్కువగా కణం నడిబొడ్డున, మన జన్యువులన్నీ ఉండే కేంద్రకంలోనే కాచుకుని ఉంటుంది.

ఆ రిసెప్టర్ 595 అమైనో ఆమ్లాల గొలుసు. దాని మధ్య భాగంలో రెండు జింక్ పరమాణువులు ఉంటాయి. వాటి పట్టు వల్లే ఆ భాగం డీఎన్‌ఏను పట్టుకోగల ఆకారంలో నిలుస్తుంది. చివరి భాగంలో చిన్న గిన్నె లాంటి గుంట ఉంటుంది. ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునేది అందులోనే. ఆ గిన్నెకు ఒక మూత కూడా ఉంది. ఈస్ట్రోజెన్ లోపల కూర్చోగానే మూత చక్కగా పడుతుంది. పడిన మూత పక్కనే ఒక గాడి ఏర్పడుతుంది. సహాయక ప్రొటీన్లు వచ్చి ఆ గాడిలో అతుక్కుంటాయి. ఇలా సిద్ధమైన రెండు రిసెప్టర్లు జంటగా డీఎన్‌ఏ మీద తమకు తగిన చోట వాలితే, కణాన్ని రెండుగా చీలమనే జన్యువులు పని మొదలుపెడతాయి. దీనికి గంటలు పడుతుంది, కానీ ఆ ప్రభావం చాలాసేపు ఉంటుంది. మామూలు రొమ్ము కణాలకూ ఇదే ఏర్పాటు. క్యాన్సర్ కణం దీన్ని అదుపు లేకుండా వాడుకుంటుంది, అంతే తేడా.

ఇక మందులు. మీరు టామోక్సిఫెన్ పేరు కూడా విని ఉంటారు. అది ఈస్ట్రోజెన్ లాగే ఆ గిన్నెలో కూర్చుంటుంది. కానీ దానికి పొడవాటి తోక ఒకటి ఉంది. వంటింట్లో గిన్నెలో గరిటె వదిలేసి మూత పెడితే ఏమవుతుంది? కాడ అడ్డొచ్చి మూత సరిగా పడదు. ఇక్కడా అంతే. మూత పక్కకు జరిగి, సహాయక ప్రొటీన్లు కూర్చోవాల్సిన గాడి మీదే పడుతుంది. రిసెప్టర్ డీఎన్‌ఏ మీద వాలినా పని జరగదు. అయితే ఒళ్లంతా సహాయక ప్రొటీన్లు ఒకేలా ఉండవు. అందుకే అదే టామోక్సిఫెన్ ఎముకలో, గర్భసంచిలో ఈస్ట్రోజెన్ లాగే ప్రవర్తిస్తుంది. ఎముకకు అది మంచిదే. గర్భసంచికి కాదు. అందుకే నెలసరి ఆగాక అది వాడేవాళ్లకు ఏ కొంచెం రక్తస్రావమైనా వెంటనే చెప్పమంటాం.

మీ అమ్మగారికి ఇచ్చిన లెట్రోజోల్ దారి వేరు. అది రిసెప్టర్ జోలికే పోదు. ఈస్ట్రోజెన్ తయారీనే ఆపేస్తుంది. 'నెలసరి ఆగాక హార్మోన్ ఎక్కడిది' అన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అండాశయాలు విశ్రాంతి తీసుకున్నా, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కొన్ని పురుష హార్మోన్లను చేస్తూనే ఉంటాయి. కొవ్వు, కండరం, చర్మంతో పాటు రొమ్ములో కూడా అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది వాటిని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. నెలసరి ఆగిన స్త్రీలో ఒక మిల్లీలీటరు రక్తానికి ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) సాధారణంగా 20 పికోగ్రాముల లోపే ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. అంత కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ రిసెప్టర్ పట్టు ఎంత గట్టిదంటే దానికి అదే సరిపోతుంది. అందుకే ఆ కాస్త తయారీని కూడా ఆపాలి. రోజూ వేసుకునే 2.5 మిల్లీగ్రాముల మాత్ర ఆ ఎంజైమ్‌ను కట్టేసి ఉంచుతుంది. నాలుగు రోజులు మానేస్తే కట్లు విడిపోవడం మొదలవుతుంది. వేసుకున్నా మానినా మనిషికి తేడా తెలియదు. ఈ మందుతో వచ్చే చిక్కే అది.

రిపోర్టులో మిగతా అంకెలు త్వరగా చెప్పేస్తాను. 8/8 అంటే పరీక్షలో ఎన్ని కణాలకు రంగు పట్టిందన్నదానికి 5, ఆ రంగు ఎంత చిక్కగా ఉందన్నదానికి 3. మీ అమ్మగారికి రెండింట్లోనూ పూర్తి మార్కులు వచ్చాయి. మందు బాగా పనిచేసే అవకాశం ఎక్కువన్నమాట. పీఆర్ అంటే ప్రొజెస్టిరాన్ అనే మరో స్త్రీ హార్మోన్‌కు రిసెప్టర్. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పురమాయిస్తేనే అది ఎక్కువగా తయారవుతుంది. కాబట్టి పీఆర్ ఉందంటే ఈఆర్ ఊరికే అక్కడ పడి లేదు, నిజంగా పనిచేస్తోంది అనడానికి అది సాక్ష్యం. హెర్2 ఆ గుమ్మంలో నిలబడే రకం. కణం పైపొర మీద ఉండి పెరగమని లోపలికి కబురు పంపుతుంది. 0, 1+ అంటే నెగెటివ్, 3+ అంటే పాజిటివ్. 2+ వస్తే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. మీ అమ్మగారికి 1+ కాబట్టి హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ల అవసరం లేదు.

ఇక్కడ మీకు కాకపోయినా ఇది చదివే మరొకరికి పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. తీసిన ముక్కను గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే అది పాడవకుండా కాపాడే ద్రవంలో వేయాలి. చిన్న ఊళ్లలో ఆపరేషన్ చేసి, ముక్కను సెలైన్ సీసాలో వేసి, కవర్లో చుట్టి బస్సులో తీసుకెళ్లమని ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వడం నేను కళ్లారా చూశాను. ల్యాబ్ చేరేసరికి రిసెప్టర్ పాడైపోతుంది, రిపోర్టు నెగెటివ్ అని వస్తుంది. ఆ తల్లికి తేలికైన మాత్రతో దొరకాల్సిన రక్షణ అక్కడే చేజారిపోతుంది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ తగ్గదు. మీ ఇంట్లో ఎవరికైనా బయాప్సీ చేస్తుంటే 'ఫార్మలిన్‌లో వేశారా, ఎన్ని గంటలకు వేశారు' అని అడగండి. అడిగితే తప్పు పట్టేవాళ్లెవరూ ఉండరు.

మీల్‌మేకర్ విషయం. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు ఉన్న మాట నిజమే. కానీ వాటి బలం చాలా తక్కువ. పైగా అవి ఎక్కువగా అంటుకునేది 1996లో కనుగొన్న బీటా అనే రెండో రకం రిసెప్టర్‌కు. రిపోర్టులో మనం చూసేది ఆల్ఫా రకాన్ని. వారానికి రెండు మూడుసార్లు కూరలో మీల్‌మేకర్ వేసుకుంటే ఏ హానీ లేదు. పాలు, పెరుగు అయితే వెంటనే మొదలుపెట్టండి. ఆమె ఎముకలకు ఇప్పుడవి చాలా అవసరం. మానాల్సింది 'ఆడవాళ్ల బలానికి' అని అమ్మే పొడులు, క్యాప్సూల్స్. వాటిలో ఏముందో ఎవరూ చెప్పరు.

కీళ్ల నొప్పి మాత్రం ఉత్తి అనుమానం కాదు, మందు వల్లే వస్తుంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోకపోవడం, మోకాళ్లు పట్టేయడం చాలామందికి ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఒళ్లంతా తగ్గిపోవడమే కారణం. రోజూ అరగంట నడక, వేళ్లకు గోరువెచ్చని నీళ్ల కాపడం, విటమిన్ డి తక్కువుంటే సరిచేయడం... వీటితో చాలామందికి కొన్ని నెలల్లో తేలికవుతుంది. అప్పటికీ తగ్గకపోతే అదే కుటుంబానికి చెందిన అనాస్ట్రోజోల్ లేదా ఎక్సెమెస్టేన్‌కు మార్చవచ్చు. ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి పడటం మేం తరచుగా చూస్తాం. అవీ కుదరకపోతే టామోక్సిఫెన్ ఉండనే ఉంది. ఆమె అంతట ఆమె మానేయడం ఒక్కటే వద్దు. మార్చమని డాక్టర్‌ను అడగండి. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఇప్పటిదాకా తీయకపోతే ఈ నెలలోనే తీయించండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే ఈ రకం క్యాన్సర్‌కు ఓపిక ఎక్కువ. కొన్ని రకాలు తిరగబెడితే రెండు మూడేళ్లలోనే తిరగబెడతాయి. ఇది ఏడో ఏడు, పదో ఏడు కూడా లేవగలదు. కంటికి, స్కాన్‌కు కనిపించని కణాలు ఎముకలోనో మరెక్కడో కదలకుండా పడి ఉంటాయి. ఈస్ట్రోజెన్ అందితే లేస్తాయి. ఐదేళ్లు టామోక్సిఫెన్ వాడినవాళ్లకు ఆ ఐదేళ్లలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గిందని, పదిహేనేళ్ల దాకా చూస్తే ఆ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు సుమారు మూడో వంతు తగ్గిందని వేల మందిని గమనించిన పరిశోధనలు తేల్చాయి. నెలసరి ఆగినవాళ్లకు లెట్రోజోల్ లాంటి మందులు దానికన్నా కాస్త మెరుగు. నా దగ్గరకు వచ్చే ఒకావిడ నొప్పులని రెండో ఏడు మాత్ర మానేసి, ఎవరికీ చెప్పలేదు. ఐదో ఏట వెన్నులో నొప్పితో వచ్చారు. మానకపోతే రాకపోయేదా అంటే ఖాయంగా చెప్పలేను. కానీ ఆరోజు ఆవిడ కూతురు నన్ను అడిగిన ప్రశ్న అదే.

ఒకవేళ ఎప్పుడైనా తిరగబెడితే పాత రిపోర్టు మీద ఆధారపడకూడదు, మళ్లీ బయాప్సీ చేయాలి. చాలాకాలం మందు వాడాక ముదిరిన జబ్బులో కొందరికి రిసెప్టర్ జన్యువే మారుతుంది. అప్పుడు ఈస్ట్రోజెన్ లేకుండానే గిన్నె మూత దానంతటదే పడి ఉండిపోతుంది. దానికి వేరే మందులున్నాయి. ఇప్పుడు మీ అమ్మగారికి ఆ ఆలోచన అక్కర్లేదు.

ఇక మీ గురించి. ఈఆర్ పాజిటివ్ అన్నది తల్లి నుంచి కూతురికి వచ్చేది కాదు, అది ఆ గడ్డ లక్షణం. అమ్మకు వచ్చింది కాబట్టి మీకు ముప్పు మిగతావాళ్లకన్నా కొంత ఎక్కువ. అలాగని తప్పక వస్తుందని కాదు. ఇప్పటి నుంచి ఏడాదికోసారి డాక్టర్ చేత రొమ్ము పరీక్ష చేయించుకోండి, 40 నుంచి మామోగ్రామ్ మొదలుపెట్టండి. అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందేమో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఎవరికి, ఏ వయసులో వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఈసారి అమ్మను చూపించడానికి వెళ్లినప్పుడు ఆ కాగితం డాక్టర్‌కు ఇవ్వండి. జన్యు పరీక్ష అవసరమా కాదా అన్నది అది చూసి ఆయన చెబుతారు.