సీయూఈటీలో భాష పేపరుగా ఇంగ్లీషు బదులు తెలుగు తీసుకోవచ్చా?

మీ అమ్మాయి ఇంటర్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం చదివింది, ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడుతుంది, ఢిల్లీ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్ చదవాలనుకుంటోంది, కాబట్టి తెలుగు పేపరే తేలిక కదా అని అడిగారు. సీయూఈటీ అంటే సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష. నేను 2022లో, అది మొదలైన ఏడాదే, తెలుగు పేపరు రాసి ఢిల్లీ యూనివర్సిటీలో చేరాను. తనకు తెలుగు చదివే అలవాటు ఉంటే నిశ్చింతగా తీసుకోమనండి. మాట్లాడే అలవాటు ఒక్కటే ఉంటే చాలదండీ.

ఎందుకంటే ఆ గంట పరీక్షలో మాటతో పని ఉండదు. గద్య భాగం ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతారు. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, ఖాళీలో సరిపోయే పదం, చెల్లాచెదురుగా ఇచ్చిన వాక్యాలను వరుసలో పెట్టడం, ఇవన్నీ ఉంటాయి. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు ఒకటి కోత. నేను రాసినప్పుడు 50 ప్రశ్నల్లో 40 చేస్తే సరిపోయేది, 45 నిమిషాలు ఇచ్చేవారు. 2025 నుంచి గంట ఇస్తున్నారు కానీ 50 ప్రశ్నలూ లెక్కలోకే వస్తాయి, పది వదిలేసే ఛాయిస్ లేదు. నాలుగు ఆప్షన్లూ సరైనవిలాగే కనిపిస్తాయి. మా కరీంనగర్ ఇంట్లో విన్న మాటలు నాకక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. ఇంటర్‌లో తెలుగు ఉండటం, రోజూ పేపర్లో సంపాదకీయం చదివే అలవాటు ఉండటం, ఈ రెండే నన్ను గట్టెక్కించాయి.

మార్కులు బాగా వస్తాయని మన దగ్గర చాలా కాలేజీలు పిల్లలకు సంస్కృతం ఇప్పిస్తాయి. దాంతో తెలుగు పదో తరగతితోనే ఆగిపోతుంది. ఫోన్లో తెలుగు మాటలను కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. రెండేళ్లుగా ఒక పేజీ తెలుగు చదవని పిల్లలు కంప్యూటర్ స్క్రీన్ మీద పెద్ద పేరా చూడగానే టెన్షన్ పడతారు. పైగా సీయూఈటీ ఇచ్చే 13 భాషల్లో సంస్కృతం లేదు. ఇంటర్‌లో చదవని భాషలో రాస్తే ఒప్పుకుంటారా అన్నది మాత్రం ఎవరో చెప్పింది నమ్మకండి. ఆ ఏడాది యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ బులెటిన్‌లో మీరే చూసుకోండి.

ఇంకో సంగతి. భాష పేపరుగా తెలుగు ఎంచుకోవడం వేరు, ప్రశ్నపత్రాల మీడియంగా తెలుగు పెట్టడం వేరు. తను ఇంగ్లీషు మీడియం అయితే పొలిటికల్ సైన్స్, హిస్టరీ లాంటివి ఇంగ్లీషులోనే రాయడం మేలు. అప్లికేషన్ నింపేటప్పుడు పక్కన కూర్చోండి.

తెలుగు మీడియంలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చదివిన పిల్లలకు ఈ అవకాశం చాలా పెద్దది. ఇంగ్లీషు రాదన్న భయంతో వాళ్లు అప్లై చేయడమే మానేస్తున్నారు. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఢిల్లీలో క్లాసులు ఎక్కువగా ఇంగ్లీషులోనే జరుగుతాయి, మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది. అయినా ముందు సీటు రావాలి కదా.

మీ అమ్మాయి విషయంలో రెండు భాషలూ రాయించే దారి కూడా ఉంది. మొత్తం ఐదు పేపర్ల దాకా రాయొచ్చు కాబట్టి తెలుగు, ఇంగ్లీషు, మూడు సబ్జెక్టులు సరిపోతాయి. కాకపోతే జనరల్ టెస్ట్ (జనరల్ నాలెడ్జ్, రీజనింగ్ లాంటివి ఉండే పేపరు) అడిగే కోర్సులకు చోటు మిగలదు, ఫీజూ పెరుగుతుంది. ఇంగ్లీషు ఆనర్స్ మీద ఏ మాత్రం ఆశ ఉన్నా ఇంగ్లీషు పేపరు తప్పనిసరి.

తెలుగే అనుకుంటే పదో తరగతి తెలుగు వాచకంలో పాఠాల చివర ఉండే పదజాలం అభ్యాసాలు మళ్లీ చేయించండి. నిర్ణయించే ముందు ఈ ఆదివారం ఒక తెలుగు సంపాదకీయం, అంతే నిడివి ఉన్న ఇంగ్లీషు సంపాదకీయం కంప్యూటర్‌లో తెరిచి చదవమనండి. ఒక్కోదాని మీద నాలుగు ప్రశ్నలు అడగండి. తెలుగుకే ఎక్కువసేపు పడితే, జవాబులు కూడా తడబడితే, ఇంగ్లీషే పెట్టించండి.