డబుల్ మార్కర్‌లో 1:180 వచ్చింది, మేనరికం వల్లేనా? – సమాధానం

చెల్లీ, ముందు కాస్త టెన్షన్ తగ్గించుకో. పదమూడో వారంలో చేసిన డబుల్ మార్కర్ రక్తపరీక్షలో (బిడ్డకు సమస్య ఉండే అవకాశాన్ని అంచనా వేసేది) డౌన్ సిండ్రోమ్‌కి 1:180, హై రిస్క్ అని వచ్చిందని, మేనమామను చేసుకున్నందుకే ఇలా అయిందని తిరుపతిలో మీ ఇంట్లో అందరూ అంటున్నారని రాశావు. ఆ మాట తప్పు. చిత్తూరులో మాదీ మేనరికమే, నేనూ ఆ మాటలు పడ్డాను.

డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉండటం. ఎక్కువగా ఇది అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే నీ అండాలు విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాయి, ఏళ్ల తర్వాత, ఒక అండం విడుదలయ్యే నెలలో దాని విభజన మళ్లీ కదులుతుంది, అప్పుడు 21వ క్రోమోజోమ్ జత సరిగా విడిపోకపోతే ఇలా అవుతుంది. అందుకే తల్లి వయసుతో రిస్క్ పెరుగుతుంది, భర్త ఎవరైనా సరే.

1:180 అంటే ఇదే లెక్క వచ్చిన 180 మందిలో 179 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్ష గురించి డాక్టర్‌ని అడుగు. నీ చేతి నుంచి తీసిన రక్తంలోనే మాయ నుంచి వచ్చిన డీఎన్‌ఏ చూస్తారు. అందులోనూ తేడా వస్తే, 15 వారాలు దాటాక చేసే ఉమ్మనీరు పరీక్ష ఖాయంగా చెప్తుంది.

మేనరికంతో భయపడాల్సింది తలసేమియా (వంశపారంపర్య రక్త జబ్బు) లాంటి వాటికి. ఇద్దరూ క్యారియర్లైతే, అంటే జబ్బు లేకపోయినా దాని జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పుకీ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. తలసేమియా క్యారియర్‌వో కాదో చెప్పే హెచ్‌బీ ఎలక్ట్రోఫోరెసిస్ రక్తపరీక్ష చేయించుకో, నువ్వు క్యారియర్‌వని తేలితే ఆయనకీ చేయించు. మేనరికమని డాక్టర్ దగ్గర దాచకు, 18-20 వారాల్లో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ మాత్రం మానకు.