టీఎస్ఆర్ రాయబోతున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

పలాస జీడిపప్పు వ్యాపారి దగ్గర పాత డాస్ బిల్లింగ్ ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందని, దాని సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదని, ఎఫ్12 నొక్కగానే కాటా మీది బరువు బిల్లులో పడాలని రాశావు. అది టీఎస్ఆర్‌తోనే, అంటే మెమరీలో ఉండిపోయి వేరే ప్రోగ్రామ్ నడుస్తుండగా వెనక నుంచి పనిచేసే చిన్న ప్రోగ్రామ్‌తోనే, అయ్యే పని. ధైర్యంగా ఒప్పుకో.

ఉచిత కంపైలర్లలో డీజేజీపీపీ ఎంత మంచిదైనా 32 బిట్ ప్రొటెక్టెడ్ మోడ్‌ది, దీనికి వద్దు. ఓపెన్ వాట్‌కాం తీసుకో. 16 బిట్ డాస్ ప్రోగ్రామ్‌ని నీ విండోస్ ల్యాప్‌టాప్ మీదే కంపైల్ చేసిపెడుతుంది. స్టాక్ (ప్రోగ్రామ్ తాత్కాలికంగా వాడుకునే మెమరీ) చెకింగ్ మాత్రం తీసెయ్యి. ఇంటరప్ట్, అంటే నడుస్తున్న పని ఆపి నీ కోడ్‌ని నడిపించే పిలుపు, వచ్చినప్పుడు ఉండేది అవతలి ప్రోగ్రామ్ స్టాక్, నీది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. డాస్ ఒక పని మధ్యలో ఉండగా మళ్లీ దాన్నే పిలిస్తే తట్టుకోలేదు. బిల్లింగ్ ప్రోగ్రామ్ ఫైలు రాస్తున్న క్షణంలోనే నీ ఇంటరప్ట్ రావచ్చు. అప్పుడు నువ్వు ప్రింట్ఎఫ్ (తెర మీద రాసే సి ఫంక్షన్) అన్నావంటే మెషిన్ హ్యాంగ్ అవడం అటుంచి, ఆయన లెక్కల ఫైలే పాడవుతుంది. కాబట్టి ఇంటరప్ట్ లోపల ప్రింట్ఎఫ్ వద్దు, మెమరీ అడిగే మాలాక్ వద్దు, ఫైళ్ల ఊసే వద్దు. ఫైలు తప్పనిసరైన వాళ్లు డాస్ పనిలో ఉందో లేదో చెప్పే ఇన్‌డాస్ ఫ్లాగ్ సున్నా అయ్యేదాకా ఆగుతారు. నీకు ఆ బాధ లేదు.

కాటా కాం1 సీరియల్ పోర్టుకి ఉంటే ఒక్కో అక్షరానికి 0సిహెచ్ ఇంటరప్ట్ వస్తుంది (చివర హెచ్ ఉన్నవన్నీ హెక్సాడెసిమల్ అంకెలు). 3ఎఫ్8హెచ్ పోర్టులో బైట్ చదువు, ఎర్రేలో పెట్టు, పని అయిందని చెప్పడానికి 20హెచ్ పోర్టుకి 20హెచ్ పంపి బయటికొచ్చెయ్. టైమర్ టిక్కులో చదువుదామనుకోకు. అది సెకనుకి 18.2 సార్లే వస్తుంది, 9600 బాడ్‌లో ఈలోపు అక్షరాలు పోతాయి. సీరియల్ పోర్టు మోడెమ్ కంట్రోల్ రిజిస్టర్‌లో అవుట్2 బిట్ వెయ్యకపోతే ఎంతసేపు కూర్చున్నా ఒక్క ఇంటరప్ట్ కూడా రాదు. చాలామంది దీని దగ్గరే తల పట్టుకుంటారు.

కీబోర్డుకి 09 ఇంటరప్ట్ పట్టుకో. 60హెచ్ పోర్టులో 58హెచ్ కనిపిస్తే ఎఫ్12. పాత హ్యాండ్లర్‌కి దాని పని దాన్ని చేసుకోనిచ్చి, ఆ తర్వాత బయాస్ కీబోర్డు ఇంటరప్ట్ 16హెచ్‌లో 05 ఫంక్షన్‌తో బరువుని అక్షరం అక్షరంగా కీబోర్డు బఫర్‌లో వెయ్యి. అందులో 15 కీలే పడతాయి, 24.650 లాంటి అంకెకి ధారాళంగా సరిపోతుంది. బిల్లింగ్ ప్రోగ్రామ్‌కి అది మనిషి కొట్టినట్టే ఉంటుంది.

మెమరీలో ఉండిపోవడానికి డాస్_కీప్ ఫంక్షన్ పిలిచేటప్పుడు సైజు 16 బైట్ల పేరాగ్రాఫుల్లో చెప్పాలి. మొదట ఎక్కువే ఉంచు, పని కుదిరాక తగ్గించుకో. తక్కువ చెప్పావో, తర్వాత లోడయ్యే ప్రోగ్రామ్ నీ డేటా మీదే వచ్చి కూర్చుంటుంది. రెండోసారి లోడ్ కాకుండా 2ఎఫ్హెచ్ ఇంటరప్ట్‌తో అప్పటికే మెమరీలో ఉందా అని ముందే అడిగి చూసుకో.

డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో సగం పనే తెలుస్తుంది. కాటా సంగతి అసలు మెషిన్ మీదే తేలాలి, డిస్కు మొత్తం కాపీ తీశాకే దాన్ని ముట్టుకో. కొన్నాళ్లు వాళ్లచేత చేత్తోనే లోడ్ చేయించు. మెషిన్ ఆన్ కాగానే దానంతటదే నడిచే ఆటోఎగ్జెక్ ఫైలులో పెట్టడం ఆ తర్వాత.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సోర్స్ పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. అక్కని, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య