పాండాస్‌తో జీతాల ఎక్సెల్ రాస్తే ఖాతా నంబర్ల ముందు సున్నాలు ఎందుకు పోతున్నాయి?

మీరు చెప్పినవి మూడు ఇబ్బందులు. జీతాల ఫైల్‌ని పాండాస్‌తో (పైథాన్‌లో పట్టికలు చదివి రాసే లైబ్రరీ) చదివి అదే పేరుతో తిరిగి రాస్తే బ్యాంకు ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోయాయి. పక్క షీట్లు మాయమయ్యాయి. ఎక్సెల్ ఫైళ్లు తెరిచి మార్చే మరో పైథాన్ లైబ్రరీ ఓపెన్‌పైఎక్సెల్‌తో చూస్తే చేతికొచ్చే జీతం కాలమ్ మొత్తం నన్ (None, అంటే విలువ లేదు) అని వస్తోంది.

ఈ మూడూ నాకు జరిగినవే. జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్‌కి జీతాల లెక్కలు నేను చూసేవాణ్ణి. స్క్రిప్ట్ రాసిన మొదటి నెలలో, బ్యాంకుకి పంపిన ఫైల్ నుంచి పదకొండు మంది పేర్లు వెనక్కి వచ్చాయి, ఖాతా నంబర్ తప్పు అని. వాళ్లకి జీతం మూడు రోజులు ఆలస్యమైంది. అద్దె కట్టాల్సిన మనిషి గేటు దగ్గర నిలబడి "సార్, మా పైసలు ఎప్పుడు పడ్తయ్?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ విషయంలో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సున్నాల సంగతి. ఖాతా నంబర్‌లో అన్నీ అంకెలే ఉన్నా దాన్ని మనం కూడం, తీసివేయం. అది పేరు లాంటిది. పాండాస్‌కి ఆ తేడా తెలియదు. కాలమ్ నిండా అంకెలే కనిపిస్తే, ఎక్సెల్‌లో అవి టెక్స్ట్‌గా ఉన్నా సరే సంఖ్యలుగా మార్చేస్తుంది. మధ్యలో ఒక్క సెల్ ఖాళీగా ఉంటే కాలమ్ అంతా దశాంశాల్లోకి వెళ్లి, 1045 కాస్తా 1045.0 అవుతుంది. కాబట్టి రీడ్ ఎక్సెల్ పిలిచేటప్పుడే డీటైప్ (ఏ కాలమ్ ఏ రకమో చెప్పే చోటు) దగ్గర ఖాతా నంబర్, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్), ఉద్యోగి నంబర్, ఫోన్ నంబర్ కాలమ్‌లకి స్ట్రింగ్, అంటే టెక్స్ట్, అని ఇవ్వండి. చదివాక మార్చుకుందాంలే అనుకోవద్దు, అప్పటికే సున్నా పోయి ఉంటుంది.

ఇంత చేసినా సున్నా రాని ఫైళ్లు కొన్ని ఉంటాయి. నా సమయం ఎక్కువగా పోయింది వాటి దగ్గరే. తెర మీద సున్నా కనిపిస్తుంది కానీ సెల్ లోపల ఉండదు. ఎవరో ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్ కింద పన్నెండు సున్నాలు పెట్టి వదిలేస్తారు. లోపల ఉన్నది మామూలు సంఖ్యే, సున్నా ఒట్టి వేషం. లైబ్రరీ చదివేది లోపల ఉన్నదాన్నే. అలాంటప్పుడు జెడ్‌ఫిల్‌తో ముందు సున్నాలు నింపాలి. అయితే ఎన్ని అంకెలకి నింపాలన్నది బ్యాంకుని బట్టి మారుతుంది. అందరికీ 12 అని పెట్టేస్తే కొత్త తప్పులు పుడతాయి. నేను ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లోని మొదటి నాలుగు అక్షరాలు చూసి బ్యాంకు ఏదో తెలుసుకుని, దాని పొడవుకి నింపుతాను. 16 అంకెల ఖాతా నంబర్‌ని సంఖ్యగా టైప్ చేసి ఉంటే మాత్రం ఏ కోడూ కాపాడలేదు. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది. పాస్‌బుక్ తెప్పించుకుని మళ్లీ టైప్ చేయించాల్సిందే.

ఇంకో ముఖ్యమైన మాట. మీరు సరిగ్గా టెక్స్ట్‌గా రాసిన ఖాతా నంబర్ల సెల్‌ మూలలో ఎక్సెల్ చిన్న ఆకుపచ్చ త్రికోణం చూపిస్తుంది. మా అకౌంటెంట్ గారు అది ఎర్రర్ అనుకుని, కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి 'కన్వర్ట్ టు నంబర్' నొక్కేశారు. రెండో నెలలో సున్నాలు పోయింది అందుకే, స్క్రిప్ట్ వల్ల కాదు. ఆ ఫైల్ ముట్టుకునే వాళ్లందరికీ ఈ విషయం నోటితో చెప్పండి. ఓపెన్‌పైఎక్సెల్‌లో ఆ కాలమ్ నంబర్ ఫార్మాట్‌ని '@' అని పెడితే, తర్వాత ఎవరైనా ఆ సెల్‌లో మళ్లీ టైప్ చేసినా సున్నా నిలుస్తుంది.

ఇక నన్ సంగతి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్ అంటే నిజానికి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లున్న జిప్. ఒక కాపీ తీసి పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి, బాగా అర్థమవుతుంది. ఎక్సెల్ సేవ్ చేసినప్పుడు ఫార్ములా సెల్‌లో రెండూ రాస్తుంది: ఫార్ములా, దాని ఆఖరి ఫలితం. ఓపెన్‌పైఎక్సెల్ లెక్క చేయదు, ఫార్ములా ఒక్కటే రాస్తుంది. దాన్ని డేటా ఓన్లీ ట్రూ (ఫార్ములా బదులు ఫలితం చదవమనడం) అని తెరిస్తే ఫలితం ఉండాల్సిన చోటు ఖాళీ, అదే మీ నన్. ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేస్తే విలువలు వస్తాయి. కానీ ప్రతి నెలా గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని అది. నేనైతే పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం లాంటివి పైథాన్‌లోనే లెక్కకట్టి విలువలుగా రాస్తాను. ఒక హెచ్చరిక: డేటా ఓన్లీతో తెరిచిన ఫైల్‌ని అదే పేరుతో సేవ్ చేయకండి. ఫార్ములాలన్నీ శాశ్వతంగా పోతాయి.

పక్క షీట్లు పోవడానికి కారణం సులువే. పాండాస్‌లో ఫైల్ రాసే టు ఎక్సెల్‌కి ఫైల్ పేరు ఇస్తే ఫైల్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది. ఎక్సెల్ రైటర్‌ని అపెండ్ మోడ్‌లో (ఉన్న ఫైల్‌కే చేర్చే పద్ధతి), షీట్ ఉంటే రీప్లేస్ అని చెప్పి వాడొచ్చు. రంగులు, బోర్డర్లు, కాలమ్ వెడల్పులు ఉండాలంటే అది కూడా వద్దు. చదవడం పాండాస్‌తో, రాయడం ఓపెన్‌పైఎక్సెల్‌తో చేయండి. లోడ్ వర్క్‌బుక్‌తో ఫైల్ తెరిచి, మార్చాల్సిన సెల్స్ మాత్రమే మార్చి, నెల పేరుతో వేరే ఫైల్‌గా సేవ్ చేయండి. షీట్‌లో గీసిన బాక్సులు, బాణాలు ఉంటే ఇందులోనూ పోతాయి, వాటిని ముందే చూసుకోండి.

హాజరు మెషీన్ ఇచ్చే ఫైల్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం అయితే ఓపెన్‌పైఎక్సెల్ చదవలేదు, పాత ఎక్సెల్ ఫైళ్లు చదివే ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ లైబ్రరీ వేసుకోవాలి. అది 2020 డిసెంబర్‌లో వచ్చిన 2.0 నుంచి కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్లు చదవడం మానేసింది కాబట్టి మీకు రెండూ ఉండాలి.

కోడ్ మార్చే ముందు ఒక పని చేయండి. అసలు ఫైల్‌లో సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్ ఒకదాని మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ సున్నా ఉంటే డీటైప్ సరిపోతుంది. లేకపోతే జెడ్‌ఫిల్. ఏది కనిపించిందో కింద రాయండి, ఆ కాలమ్ వరకు కలిసి చూద్దాం.