మొదటిసారి ఆమె మన ఇంటికి భోజనానికి వస్తుంటే ఏం వండాలి?

మీరు అడిగింది ఇది: అనంతపురంలో ఒక్కరే రూమ్ తీసుకుని ఉంటున్నారు. ఆరు నెలలుగా పరిచయమున్న అమ్మాయి వచ్చే ఆదివారం సాయంత్రం మొదటిసారి భోజనానికి వస్తానంది. వంట అంతంత మాత్రం. యూట్యూబ్‌లో చూసి వైట్ సాస్ పాస్తా చేసి, కొవ్వొత్తులు వెలిగిద్దామనుకుంటున్నారు. బాగుంటుందా?

పాస్తా వద్దండి. దానిమీద నాకు కోపమేమీ లేదు. ఇంతవరకూ చేయని వంటను ఆ రోజే మొదలుపెడితే మీ కళ్లన్నీ గిన్నెలోనే ఉంటాయి. ఆమె వచ్చి మంచం అంచున కూర్చుని ఫోన్ చూసుకుంటుంది.

నేను ఇదే ఊళ్లో, సాయినగర్‌లో ఒక మిద్దె మీది గదిలో ఉండేవాణ్ణి. 2017 ఏప్రిల్. ఆమె మా ఆఫీసులోనే వేరే సెక్షన్. సొంతూరు రాజమండ్రి వైపు. నన్ను ఎప్పుడూ "గారు" అనే పిలిచేది, నేనూ అంతే. ఇప్పుడు మాకు పెళ్లై ఆరేళ్లు. ఆ సాయంత్రం ఎలా గడిచిందో రాస్తాను, పనికొచ్చినంత తీసుకోండి.

ముందుగా, ఏం తింటుందో అడగండి. సర్‌ప్రైజ్ అని ఊరుకోకండి. నేను నాటుకోడి పులుసు, సంగటి అని మనసులో ఖాయం చేసుకున్నాను. ఎందుకో అనుమానమొచ్చి, "శనివారం నాన్‌వెజ్ తింటారు కదా" అని అడిగాను. తినదట. వాళ్లింట్లో శనివారం వెంకటేశ్వరస్వామికి. అడగకపోయుంటే ఆ పిల్ల నా ముందు ఉత్త పెరుగన్నం తిని పోయేది. మీది ఆదివారం కాబట్టి ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా అడగండి. కారం ఎంత తింటుందో కూడా అడగండి. గోదావరి జిల్లాల వాళ్లూ కారం బాగానే తింటారు గానీ, మన ఎండుమిరపకాయల మంట వాళ్లకు కొత్త. ఏడు మిరపకాయలు వేసేచోట నేను నాలుగు వేశాను.

కోడి లేదు కాబట్టి గుత్తి వంకాయ, రాగి సంగటి, చెనిక్కాయల (వేరుశనగల) చట్నీ అనుకున్నాను. గుత్తి వంకాయ నాకు చేయి తిరిగిన కూర. సంగటి మాత్రం తినడమే తెలుసు, ఎప్పుడూ చేయలేదు. "తెలిసిన వంటే చేయండి" అని మీకు చెబుతూ నేను అది పాటించలేదు కదా అంటారేమో. నిజమే, అందుకే మూడు రోజుల ముందు చేసి చూసుకున్నాను. బుధవారం రాత్రి ఉడుకుతున్న అన్నంలో రాగిపిండి పోసి ఉప్మా కలిపినట్టు కలిపేశాను. మొత్తం ఉండలు కట్టింది. ఒక ఉండ విరిచి చూస్తే లోపల పొడిపిండి అలాగే ఉంది. మా అమ్మకు ఫోన్ చేశాను. ఆమె రాయదుర్గంలో ఉంటుంది.

"పిండి పోసినాక కలపాకురా. గుట్టగా పోసి, మద్దెలో కట్టెతో బొక్క పెట్టు. మూత పెట్టి సన్న మంట మీద వదిలెయ్. ఆ బొక్కలో నుంచి గంజి పైకి ఉబకల్ల. పిండి ఆవిరికి ఉడికినాకనే కెలకల్ల" అంది. తర్వాత కాసేపు ఆగి, "ఎవురొస్తాండారురా ఇంటికి?" అనడిగింది. ఆఫీసులో పనిచేసే అమ్మాయి అన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. "ఆ పాప సంగటి తింటాదా? తినకుంటే ఇంత అన్నం కూడా వండిపెట్టు" అని మాత్రం అంది. ఆ మాట మీకూ చెబుతున్నాను. కుక్కర్లో ఒక గ్లాసు బియ్యం, గిన్నెలో పెరుగు ఉంచుకోండి. కొత్త రుచి నచ్చకపోతే మొహమాటపడి మింగే అవసరం ఆమెకు రాకూడదు.

కొలతలు అడుగుతారు కాబట్టి: ఇద్దరికి ఒక టీ గ్లాసు బియ్యం, ఒక గ్లాసు రాగిపిండి, నాలుగున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు. బియ్యం అరగంట నానబెట్టి, వేలితో నొక్కితే మెదిగేంత మెత్తగా ఉడికించాలి. పైన ఇంకా గంజి తేలుతుండగానే పిండి గుట్టగా పోసి, అమ్మ చెప్పినట్టు ఏడెనిమిది నిమిషాలు వదిలేయాలి. మంట ఆపి కట్టెతో గట్టిగా కెలకాలి. తడిచేత్తో ముద్ద చేసి నెయ్యి వేయాలి. శుక్రవారం రాత్రి రెండోసారి చేస్తే ఒక్క ఉండ కూడా లేకుండా వచ్చింది.

వంకాయ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ఆ కూరలో సగం పని పొయ్యి వెలిగించకముందే ఉంటుంది. చిన్నవి, నున్నగా మెరిసేవి, తొడిమ పచ్చగా ఉన్నవి ఎనిమిది ఏరుకోండి. తొడిమ ఉంచి, కింది నుంచి నిలువుగా నాలుగు పక్షాలుగా కోయాలి. కోసిన ప్రతి కాయనూ విప్పి వెలుతురులో చూడండి, పైన సూదిమొనంత బొక్క ఉన్నా లోపల పురుగు ఉండొచ్చు. ఆ రోజు నేను చూసిన ఎనిమిదింట్లో ఒకటి అలాగే ఉంది, పారేశాను. కోయగానే ఉప్పునీళ్లలో వేయండి. గాలి తగిలితే వంకాయ నల్లబడుతుంది, చేదెక్కుతుంది.

మసాలాకు మూడు చెంచాల చెనిక్కాయ విత్తనాలు సన్న మంట మీద ఓపిగ్గా వేయించాలి. పొట్టు చేత్తో నలిపితే ఊడిరావాలి. తర్వాత ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, ఎండుకొబ్బరి. నువ్వులు చివర్లో, అవి చిటపటలాడగానే దించేయండి, అర నిమిషం ఆలస్యమైతే కూరంతా చేదు. ఆరు తెల్లగడ్డ పాయలు, ఉప్పు, కొద్దిగా చింతపండు వేసి మెత్తగా రుబ్బండి. కాయల్లో కూరి, నూనెలో ఎర్రగడ్డ ముక్కలు వేగాక ఒక్కొక్కటిగా పేర్చండి. మూత పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ పది నిమిషాలు మగ్గనిచ్చి, మిగిలిన మసాలా నీళ్లలో కలిపి పోయండి. నూనె పైకి తేలితే అయినట్టు. చివర్లో చిటికెడు బెల్లం.

ఈ కూర నాలుగు గంటలకే చేసేయండి. పులుపు, కారం కాయలోకి దిగడానికి రెండు గంటలు పడుతుంది, అప్పుడే రుచి. రుబ్బేది మాత్రం పొద్దున్నే రుబ్బి పెట్టుకోండి. నాకు ఆ సాయంత్రం ఐదున్నరకు కరెంటు పోయి ఏడు దాటాక గానీ రాలేదు. మిక్సీ పని పొద్దున చేసుకోకుండా సాయంత్రానికి వదిలేసి ఉంటే కూరే లేదు.

కోడే వండాలనుకుంటే బ్రాయిలర్ చికెన్ తీసుకోండి, అరగంటలో ఉడుకుతుంది. నాటుకోడి వయసును బట్టి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, ఒకటి ఆరు విజిల్స్‌కు మెత్తబడితే ఇంకొకటి పది విజిల్స్‌కు కూడా నారగానే ఉంటుంది. మొదటిసారికి ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఇక కొవ్వొత్తులు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఫ్యాన్ లేకుండా గదిలో కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే కొవ్వొత్తి నిలవదు. మిద్దె ఉంటే అక్కడ కూర్చోండి. సాయంత్రం ఐదున్నరకు బక్కెట్లతో నీళ్లు తెచ్చి మిద్దె అంతా చల్లాను. మొదటి బక్కెట్టు పోయగానే ఆవిరి లేచింది. రెండు ఆరిపోయాయి, మూడోదానికి నేల చల్లబడింది. సూర్యుడు దిగాక మన వైపు గాలి తిరుగుతుంది కదా, ఆరున్నరకల్లా హాయిగా ఉంది. చాప, రెండు విస్తరాకులు, చెంబుతో నీళ్లు, దోమలచక్రం. అంతే.

మిద్దెను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది, మీరు దీని గురించి తప్పకుండా ఆలోచించాలి. ఒంటరిగా ఉండే మగవాడి గదికి ఒక అమ్మాయి రావడమంటే ఆమె మనల్ని చాలా నమ్మినట్టు. మన ఊళ్లో నలుగురి కళ్లూ ఆమె మీదే పడతాయి, మన మీద పడవు. అందుకే కింది పోర్షన్‌లో ఉండే ఓనరాంటీకి ముందురోజే చెప్పాను. "ఆంటీ, రేపు మా ఆఫీసు అమ్మాయి భోజనానికి వస్తోంది, మిద్దె మీద కూర్చుంటాం" అని. ఆమె ముఖం చిట్లిస్తుందని భయపడ్డాను. "చాప ఉందా నీ దగ్గర?" అని ఆమె చాపే ఇచ్చింది. చెప్పకుండా దాచి ఉంటే ఆ అమ్మాయి మెట్లెక్కేటప్పుడు తల దించుకుని ఎక్కాల్సి వచ్చేది. ఆంటీ గడపలో నిలబడి "రామ్మా, పైకి వెళ్లు" అంది. తలుపు తీసే ఉంచాను. ఆమె ఉండే హాస్టల్ గేటు తొమ్మిదికి వేసేస్తారు, అందుకే భోజనం ఆరూ ముప్పావుకే అనుకున్నాం. మీరూ ఆమె ఎన్నింటికి తిరిగి వెళ్లాలో ముందే కనుక్కుని, దాన్నిబట్టి పొయ్యి వెలిగించండి.

ఆమె వచ్చేసరికి అన్నీ అయిపోయాయి, సంగటి కెలకడం ఒక్కటే మిగిలింది. సంగటి చల్లారితే గట్టిపడుతుంది, వేడి మీదే చేయాలి. కావాలని మిగిల్చింది కాదు గానీ, ఆ రోజుకు అదే మంచిదైంది. గిన్నె వేడిగా ఉంటుంది, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కెలకడం నా వల్ల కావట్లేదు. కరెంటు లేదు, ఫోన్ లైటు గట్టు మీద ఆనించి పెట్టాను. "మీరు కెలకండి, నేను పట్టుకుంటాను" అని ఆమె మసిగుడ్డతో గిన్నె అంచు రెండు వైపులా పట్టుకుంది. నేను కట్టె తిప్పుతుంటే గిన్నె జరగకుండా ఒళ్లంతా బిగించి నిలబడింది. ఆఫీసులో ఆరు నెలలు టీ తాగుతూ మాట్లాడుకున్న దానికంటే ఆ ఐదు నిమిషాల్లో మా మధ్య బెరుకు ఎక్కువ పోయింది. మీరూ ఏదో ఒక చిన్న పని ఇద్దరికీ మిగిలేలా చూసుకోండి. చపాతీ అయితే ఒకరు వత్తడం, ఒకరు కాల్చడం. వచ్చిన మనిషిని అతిథిలా దూరంగా కూర్చోబెడితే ఆమెకూ ఏం చేయాలో తోచదు.

తినేటప్పుడు ఆమె సంగటిని నమలబోయింది. పళ్లకు అంటుకుంది. నమలకూడదు, చిన్న ముద్ద తీసి, బొటనవేలితో గుంట చేసి, కూర పులుసులో ముంచి మింగేయాలి అని చూపించాను. రెండు మూడు సార్లు చేసి చూసింది. నాలుగోసారి గొంతులోంచి సాఫీగా దిగింది కాబోలు, తలెత్తి నవ్వింది. వంకాయ తొడిమ పట్టుకుని చీకి పక్కన పెట్టింది. కాసేపటికి ఆకు నా వైపు జరిపి, "ఇంకో ముద్ద పెట్టు" అంది.

అంతవరకు "అండి" లేకుండా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నాక తనే గమనించుకుంది. నేనేమీ అనలేదు, ముద్ద పెట్టి నెయ్యి వేశాను.

స్వీటు చేయలేదు. బజారులో ఓళిగలు (బొబ్బట్లు) తెచ్చి పెనం మీద కాస్త వేడి చేశాను. ఆమె ఇంటి నుంచి వచ్చిన పూతరేకులు డబ్బాలో తెచ్చింది, రెండు ఆంటీకి కూడా ఇచ్చాం. మీరూ స్వీటు కొనేయండి, అందులో తప్పేమీ లేదు.

ఎనిమిదిన్నరకు బండి మీద హాస్టల్ వీధి మలుపు దాకా దింపాను. గేటు దాకా వద్దంది, సరేనన్నాను. మీ విషయంలోనూ ఎక్కడిదాకా దింపాలో ఆమెనే అడగండి.

మీకు ఇంకా వారం ఉంది. ఏం వండాలనుకుంటున్నారో అది గురువారంలోపు ఒకసారి వండి చూసుకోండి. వంకాయలు ఆదివారం పొద్దున్నే కొనండి, ముందురోజువి వాడిపోతాయి. రాగిపిండి కొత్తది తెచ్చుకోండి, పాతబడితే చేదొస్తుంది. గిన్నెలు ఆ రాత్రికి అలాగే వదిలేసి ఆమెతో కూర్చోండి, మర్నాడు తోముకోవచ్చు. సంగటి గిన్నెలో మాత్రం నీళ్లు పోసి పెట్టండి, ఎండిపోతే వదలదు.