తాళమా, చెవా, బీగమా?

సందేహం: ఒక సాంకేతిక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఈమెయిళ్లను ఇతరులు చదవకుండా గుప్తీకరించే పీజీపీ అనే సాఫ్ట్‌వేర్ పబ్లిక్ కీలను ఉంచే సర్వర్లు ఒకప్పుడు ఒకదానికొకటి ఈమెయిళ్లు పంపుకుని జాబితాలు సరిచేసుకునేవట. దీన్ని 'గుప్తీకరణ తాళపుచెవుల సేవికల సమకాలీకరణ' అనవచ్చా? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: అనవచ్చు నాయనా, చదివేవాడి గతి ఏం కావాలి? సేవిక అంటే పరిచారిక. సర్వర్ అనే రాయండి, భాషకేం మైల పడదు.

నన్ను పట్టుకున్నది మీ 'చెవి'. తాళానికి చెవి ఎందుకొచ్చింది? కన్నడిగులకు అది చెయ్యి, బీగద కై అంటారు. హిందీ చాబీ, తమిళ సావి మాత్రం పోర్చుగీసు 'చావె' నుంచి వచ్చినవి. అల్మారా, మేస్త్రీ, పాదిరి దిగిన ఓడలోనే ఇదీ దిగి, అర్థంకాని మాటను తెలిసిన మాటలోకి తిప్పుకునే మన నోట చెవి అయిందేమోనని నాకు ఎప్పటినుంచో అనుమానం. కానీ మా జేజి మొలకు వేలాడే ఇనుప తాళపుచెవి గుర్తొస్తే వెనక్కి తగ్గుతాను: గుండ్రటి తల, నడుమ చిల్లు, అచ్చం పోగు తీసేసిన చెవే. అందుకని పందెం కాయను.

అసలు పబ్లిక్ కీ చెవే కాదు. దానితో ఎవరైనా జాబుకు తాళం వేయగలరు, తీయలేరు. తీసేది సొంతదారు దాచుకున్న ప్రైవేట్ కీ ఒక్కటే. అంటే సర్వర్ ఊరికంతా పంచుతున్నది బీగాలు! మన కడప, అనంతపురం ఇళ్లలో "బీగాలు యాడ పెట్టినావు?" అంటే తాళంకప్పా కావచ్చు, చెవీ కావచ్చు. ఈ గజిబిజి ఇక్కడ కలిసొచ్చింది.

'సమకాలీకరణ' ఈమధ్య ఫోన్లలో పుట్టిన జబ్బు. సమకాలికులంటే ఒకే కాలంవాళ్లు. ఆ సర్వర్ల పని దానికి ఎదురు: ఒకచోట కొత్త కీ చేరితే, 'ఇంక్రిమెంటల్' అని సబ్జెక్టు పెట్టి పక్క సర్వర్లకు మెయిల్ పోయేది, అది ఒకదానికి ఇప్పుడూ ఇంకోదానికి రేపూ అందేది, దారిలో పోతే ఆ జాబితాలో ఆ కీ లేనట్టే. అది కబురు పంపడం. తర్వాత వచ్చిన ఎస్‌కేఎస్ అనే రకం కీ సర్వర్లు రెండు జాబితాలకూ తేడా ఎక్కడుందో పోల్చి లోటు పూడ్చుకునేవి, దానికి 'సరిచూసుకోవడం' సరిగ్గా అతుకుతుంది.

మీ వ్యాసానికి నేనైతే 'బీగాల సర్వర్లు ఈమెయిల్‌లో కబురు పంపుకోవడం' అంటాను. సంపాదకుడు మొహం చిట్లిస్తే 'కీ సర్వర్లు' అనే ఉంచండి, సేవికలను మాత్రం ఇంటికి పంపేయండి.